తెలుగు మనిషి, స్పృహలో ఉన్నాడు

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ న్యూ సెటిల్‌మెంట్‌లో మా లైను క్వార్టర్ల వాళ్లందరికీ ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. కుళాయి నీళ్లు ఎప్పుడొస్తాయి, గుడిలో ప్రసాదం ఎవరి వంతు, ఎవరి మేక ఎవరి పెరట్లో దూరింది, ఇలాంటి సంగతులే అందులో నడిచేవి. నేను తెలుగు బడిలో టీచర్ని. తెలుగులో టైపు చేయడం వచ్చునని నన్నే అడ్మిన్‌ని చేశారు.

మా ఇంటికి రెండు గుమ్మాల అవతల అప్ప ఉండేది. మా శ్రీకాకుళం వైపు అక్కని అప్ప అంటాం. ఆవిడ నాకు సొంత అప్ప కాదు, లైను మొత్తానికీ అప్పే. బావ వర్క్‌షాపులో ఫిట్టరు, రిటైర్మెంటుకి దగ్గరపడ్డాడు. ఇన్నేళ్లూ సుత్తి మోతల్లో పనిచేసి చెవులు మందగించాయి. వాళ్లకి పిల్లల్లేరు. తల్లి పోయినప్పుడు చంకలో ఉన్న తమ్ముణ్ణి అప్పే పెంచింది. పెళ్లయి ఖరగ్‌పూర్ వచ్చేటప్పుడు వాణ్ణీ వెంట తెచ్చుకుంది. వాడు ఇక్కడే పెరిగి, బెంగాలీ వాళ్లకన్నా బాగా బెంగాలీ మాట్లాడి, చివరికి చెన్నైలో టైల్స్ పరిచే పనిలో కుదిరాడు. పెళ్లి చేసుకోలేదు. నలభై దాటినా అప్పకి వాడింకా పసివాడే.

ఆ వేసవిలో అప్పకి కంట్లో శుక్లం తీశారు. చుక్కల మందు వేయడానికి, వండి పెట్టడానికి తమ్ముడు చెన్నై నుంచి వచ్చాడు. ఉన్న వారం రోజులూ అప్పని పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. తర్వాత ఒకరోజు పొద్దున్న బండికి తిరుగు ప్రయాణమయ్యాడు. దుమ్ములోకి వెళ్లకూడదని డాక్టరు చెప్పినా, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని అప్ప బావతో కలిసి స్టేషన్‌దాకా వెళ్లి వచ్చింది.

మధ్యాహ్నం నేను వంటిల్లు సర్దుతుంటే గ్రూపులో ఎవరో పెట్టారు: దక్షిణం వైపు పోయే బండి పడిపోయిందట. ఎవరు చెప్పారని నేను అడిగేలోపే సైరన్ మోగింది. రైల్వే ఊళ్లో ఆ సైరన్ అర్థం చిన్నపిల్లలకి కూడా తెలుసు. రిలీఫ్ ట్రైన్ కదులుతోందని. ఇంక నేను ఎవర్నీ ఏమీ అడగలేదు.

అప్ప ఫోన్ చేత్తో పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది.

"సెల్లీ, తమ్ముడు ఫోన్ ఎత్తట్లేదే."

"సిగ్నల్ ఉండదప్పా అక్కడ."

"ఎక్కడ?"

ఎక్కడో నాకూ తెలియదు. ఒడిశా సరిహద్దు దాటాక అని మాత్రమే విన్నాం.

సాయంత్రానికి గ్రూపు నిండిపోయింది. రక్తం కావాలని, ఫలానా బడిలో శవాలు పెట్టారని, ఈ నెంబరుకి ఫోన్ చేస్తే పేర్లు చెప్తారని. ఆ నెంబరుకి చేశాను. స్విచాఫ్. ఇంకో నెంబరుకి చేస్తే కటక్‌లో ఒక బట్టల కొట్టాయన ఎత్తాడు. మధ్యాహ్నం నుంచీ అందరూ ఏడుస్తూ ఫోన్ చేస్తున్నారనీ, తన నెంబరు ఎవరు పెట్టారో తెలియదనీ ఆయనే ఏడ్చినంత పని చేశాడు. అయినా ఫోన్ కట్టేయలేదట, ఎవరైనా ఏదైనా చెప్తారేమో, తను ఎవరికైనా చెప్పొచ్చేమో అని.

ఆ తర్వాత నేను గ్రూపులో ఒక మాట పెట్టాను. ఎవరు కళ్లారా చూశారు, ఎక్కడ చూశారు, ఎప్పుడు చూశారు, ఈ మూడూ లేకుండా ఏదీ పెట్టొద్దని. లైను చివర ఉండే ఒకాయనకి కోపం వచ్చింది. నలుగురి ముందూ నా గుమ్మం దగ్గరికొచ్చి అరిచాడు.

"మనుషుల పేణాలు పోతంటే నీ టీచరుగిరీ ఏటమ్మా? పది మెసేజుల్లో తొమ్మిది తప్పైనా ఒకటి నిజమవచ్చు కదా?"

ఆయన మేనల్లుడు కూడా అదే బండిలో ఉన్నాడు. (ఆ కుర్రాడు మర్నాడే క్షేమంగా ఫోన్ చేశాడు.)

ఫోటోలు రావడం మొదలయ్యాయి. అప్ప నా పక్కన మంచం మీద కూర్చుంది. ఆపరేషన్ అయిన కంటికి ఇంకా చూపు సరిగా రాలేదు, రెండో కంటికీ పొర ఉంది.

"నాకు అగపడదు. నువ్వు సూసి సెప్పు," అంది.

చూశాను. ఒక్కొక్కటీ చూసి "కాదు" అంటూ పోయాను. అప్ప నా మొహం వైపే తిరిగి కూర్చుంది. చూడలేకపోయినా నా ఊపిరి వింటోందని నాకు తెలుసు. కొన్ని ఫోటోల్లో మొహమే లేదు. వాటికీ "కాదు" అనే అన్నాను. ఏ చొక్కా వేసుకున్నాడని అడిగాను.

"పచ్చ గళ్లది. నానే ఇస్త్రీ సేయించినాను."

బావ అడ్డంగా తల ఊపాడు. "పచ్చది కాదు, నీలంది. బండెక్కినప్పుడు నీలం చొక్కా."

"పచ్చదే."

"నీకు కళ్లు అగపడవు కదే, నీకేటి తెలుసు?"

"నీకు సెవులు ఇనపడవు. కళ్లు మాత్రం ఏటి సరిగున్నాయి?"

ఇద్దరూ అలా వాదించుకున్నారు. పొద్దున్నే వాణ్ణి ఎదురుగా నిలబెట్టుకుని చూసిన వాళ్లిద్దరూ. నాకు భయం వేసింది. ఎక్కడో పట్టాల పక్కన, ముక్కూ మొహం తెలియని వాళ్లని హడావిడిలో చూసిన మనుషుల మాట ఇంకెంత నిలుస్తుందోనని.

మర్నాడు మధ్యాహ్నం ఆ మెసేజ్ వచ్చింది. మా ఊళ్లోనే సుభాష్‌పల్లిలో కిరాణా కొట్టు ఉన్న ఒక తెలుగాయన పెట్టాడు. "తెలుగు మనిషి. కాలికి దెబ్బ. స్పృహలో ఉన్నాడు. అక్క ఖరగ్‌పూర్‌లో ఉందని చెప్తున్నాడు. మేదినీపూర్ ఆసుపత్రి. తెలిసినవారు వెంటనే వెళ్లగలరు."

నేను చదివి వినిపించాను. అప్ప రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. తర్వాత మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను. "కాలికే కదా దెబ్బ? కాలికే కదా?" అని అడుగుతూనే ఉంది.

"అప్పా, ఇది ఎవరు సూసినారో అడగనీ."

"ఏటి అడుగుతావే? అక్క ఖరగ్‌పూర్‌లో ఉందని ఎవడు కల్పిస్తాడు?"

అదీ నిజమే. మా ఆయనా బావా వెంటనే బస్సెక్కి మేదినీపూర్ వెళ్లారు. వార్డు వార్డూ తిరిగారు. బండి నుంచి తెచ్చిన వాళ్లు కొందరు ఉన్నారు, తెలుగువాళ్లు ఎవరూ లేరు. పొద్దుగూకే వేళకి తిరిగొచ్చి బావ గుమ్మం మెట్టు మీద కూలబడ్డాడు. ఆలోపు అదే మెసేజ్ ఇంకో గ్రూపులో వచ్చింది. అందులో మేదినీపూర్ లేదు, కటక్ అని ఉంది. మూడోచోట అసలు ఊరి పేరే లేదు, చివర "నూరు శాతం నిజం, షేర్ చేయండి" అని ఉంది.

నేను సుభాష్‌పల్లి కొట్టాయనకి ఫోన్ చేశాను. మేదినీపూర్ అని ఎవరు చెప్పారంటే ఆయన ఇబ్బంది పడ్డాడు.

"నానే రాసినానమ్మా. దెబ్బలు తగిలినోళ్లని అక్కడికే తెస్తన్నారని ఆటోవాడు అన్నాడు. ఊరు లేకపోతే జనం ఎక్కడికని ఎల్తారు?"

ఆయనకి ఇచ్ఛాపురంలో ఉన్న మేనత్త కొడుకు పంపాడు. ఇచ్ఛాపురం ఆయన్ని అడిగాను. తనకి బరంపురంలో ఒక కాలేజీ ఆఫీసులో పనిచేసే తెలుగావిడ చెప్పిందనీ, "స్పృహలో ఉన్నాడు" అన్నది మాత్రం తను కలిపాననీ ఒప్పుకున్నాడు. "ఊరు పేరు చెప్తున్నాడంటే స్పృహ ఉన్నట్టే కదండీ?" అన్నాడు.

బరంపురం ఆవిడ నెంబరు దొరికేసరికి మర్నాడు పొద్దెక్కింది. ఈలోగా మా ఆయనా బావా, వర్క్‌షాపు వాళ్లు ఏర్పాటు చేసిన జీపులో ఒడిశా వైపు వెళ్లారు. బండి పడిన చోటికి దగ్గర్లో ఉన్న పట్నంలో పెద్దాసుపత్రి ఉంది. బరంపురం ఆవిడ ఫోన్ ఎత్తే ముందే, ఆ ఆసుపత్రి నుంచి మా ఆయన ఫోన్ వచ్చింది.

"ఉన్నాడు. కాలికి దెబ్బ తగిలిన తెలుగు మనిషి ఉన్నాడు."

నేను పెద్దగా ఏదో అన్నట్టున్నాను. అప్ప లేచి నిలబడింది.

"కానీ మనోడు కాదు. విజయనగరం దగ్గరాయన. తాపీ పని. వాళ్లింటోళ్లు బయల్దేరినారంట."

"మరి ఖరగ్‌పూర్ అక్క?"

"ఈయనకి ఖరగ్‌పూర్‌లో ఎవరూ లేరు. అదే నాకూ అర్థమవట్లేదు. ఉండు, ఆయనతోనే మాట్లాడు."

నేను ఫోన్ తీసుకుని పెరట్లోకి వెళ్లాను. ఆ మనిషి గొంతు నీరసంగా ఉంది. పడి ఉన్నప్పుడు మీ పక్కన ఇంకెవరైనా తెలుగువాళ్లు ఉన్నారా అని అడిగాను.

"ఉన్నాడమ్మా. నా పక్కనే పడుకోబెట్టినారు ఇద్దర్నీ. ఊళ్లో ఒకావిడ వొచ్చి నీళ్లిచ్చింది. ఆయన తాగినాడు. తాగి, మా అప్ప ఖరగ్‌పూర్‌లో ఉంది, ఫోన్ సెయ్యండి అన్నాడు. నెంబరు సెప్పబోయినాడు. సగం సెప్పి ఆగిపోనాడు."

"ఆగిపోనాడంటే?"

"నాకూ నొప్పిగా ఉందమ్మా. అటేపు సూడనేదు. తర్వాత నన్ను బండిలో ఎక్కించినారు. ఆయన్ని ఎక్కించనేదు."

నేను పెరట్లోనే నిలబడి బరంపురం ఆవిడకి మళ్లీ ఫోన్ చేశాను. ఎత్తింది. కాలేజీలో తనతో పనిచేసే ఒడియా లెక్చరర్ చెప్తే ఆ మెసేజ్ తెలుగులో రాసింది తనేనంది. లెక్చరర్ వాళ్ల పిన్నిది పట్టాల పక్క ఊరట. ఆ పిన్నే నీళ్లిచ్చింది. ఆవిడ పంపిన వాయిస్ ఇంకా లెక్చరర్ ఫోన్‌లో ఉందనీ, నాకు పంపమని చెప్తాననీ అంది.

వచ్చింది. నా చిన్నప్పుడు మా పక్క క్వార్టర్ ఒడియా వాళ్లది, ఆ భాష నాకు చాలావరకు అర్థమవుతుంది. పెద్దావిడ గొంతు. వెనక ఎవరెవరో అరుస్తున్నారు. ఆవిడ మొదటి మాటల్లోనే "దుయి జణ" అంది. ఇద్దరు మనుషులు. ఒకాయనకి కాలికి దెబ్బ, ఇంకొకాయన అక్క ఖరగ్‌పూర్‌లో ఉందని చెప్పాడు, అతని పరిస్థితి ఏం బాగాలేదు, వాళ్లవాళ్లకి తొందరగా తెలియాలి, ఇదీ ఆవిడ చెప్పింది. చివర్లో ఏడ్చింది.

లెక్చరర్‌తోనూ మాట్లాడాను. చాలా మర్యాదస్తురాలు. హిందీలో చెప్పింది. "బాగాలేదు అన్నమాట నేను వదిలేశాను, దీదీ. వాళ్లింట్లో ఎవరైనా చదివితే తట్టుకోలేరనిపించింది." ఇద్దరని ఆవిడ విడిగా చెప్పలేదట; బాగాలేదన్న మాటా పోయాక వాళ్లని విడదీసేది ఏమీ మిగల్లేదు. హిందీలో విన్న తెలుగావిడ ఒక్కడే అనుకుని రాసింది. బతికినవాడి కాలూ, చెప్పినవాడి అక్కా కలిసి ఒక మనిషి అయ్యారు. ఆ మనిషి ఎక్కడా లేడు. వాడికోసమే బావ మేదినీపూర్ వార్డుల్లో తిరిగాడు.

ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో నాకు తెలియలేదు. ఒక్కరు కూడా అబద్ధం చెప్పలేదు. చేతులు మారిన ప్రతిచోటా ఎవరో ఒకరు కొంచెం చెడ్డ కబురు తగ్గించారు, కొంచెం ఆశ పెంచారు. మంచి మనసుతోనే.

అప్పకి నేనే చెప్పాలి. బావకి మా ఆయన చెప్పే ధైర్యం చేయలేదు. లోపలికి వెళ్లి కూర్చుని, ఉన్నదున్నట్టు చెప్పాను. ఎవరు ఏది చూశారో, ఎవరు ఏది కలిపారో వరసగా చెప్పాను. అప్ప కదలకుండా విన్నది.

"నీకు ఒడియా సరిగా రాదు," అంది చివరికి.

"వస్తాదప్పా."

"మళ్లీ ఇను. ఇద్దరని ఉండదు. మళ్లీ ఇను."

ఆవిడ ముందే పెట్టి వినిపించాను. ఇన్నేళ్లు ఖరగ్‌పూర్‌లో ఉన్న అప్పకీ ఆ మాత్రం ఒడియా తెలుసు. "దుయి జణ" దగ్గరికి రాగానే చెయ్యి చాచి ఫోన్‌ని తడిమి, దాని మీద అరచెయ్యి మూసింది. గొంతు ఆ చెయ్యి కిందనుంచి ఇంకా వస్తూనే ఉంది.

ఆ తర్వాత సంగతులు మెల్లగా, దారుణంగా నడిచాయి. శవాల ఫోటోలు మళ్లీ చూడాల్సి వచ్చింది, ఈసారి బావ అక్కడ, నేను ఇక్కడ. మొహాలు గుర్తుపట్టే స్థితిలో లేవు. ఒకే శరీరాన్ని రెండు కుటుంబాలు మాదంటే మాదన్నాయి. చివరికి అప్పని ఒడిశా తీసుకెళ్లి డీఎన్ఏ పరీక్షకి రక్తం ఇప్పించాం. కంటికి కట్టే గుడ్డ కట్టుకుని, నా భుజం పట్టుకుని నడిచింది. నర్సు సూది గుచ్చినప్పుడు, "ఇది కలిస్తే తప్పు అవదు కదా? ఎవరూ మధ్యలో రాయరు కదా?" అని అడిగింది. అవదన్నాను. చాలా వారాలకి కబురొచ్చింది. కలిసింది. పెట్టెలో తెచ్చారు, పెట్టె తెరవొద్దన్నారు. బావ తలకొరివి పెట్టాడు.

మెసేజ్ మాత్రం చావలేదు. కర్మకాండ అయిపోయాక కూడా వచ్చింది. ఆ మనిషి చనిపోయాడు, దయచేసి పంపకండి అని నేను తెలుగులో, హిందీలో, బెంగాలీలో రాసి ఎన్నో గ్రూపుల్లో పెట్టాను. దాన్ని ఎవరూ ముందుకి పంపలేదు. చావు కబురు ఎవరు పంచుకుంటారు? ఒకరోజు మా దగ్గర్లోని ఇందా బజారులో కూరగాయలమ్మే దీదీ అప్పని ఆపి, మొహం వెలిగిపోతుంటే, "మీ తమ్ముడు బతికే ఉన్నాడట కదా, మా కోడలి ఫోన్‌కి వచ్చింది" అంది. అప్ప సంచీ అక్కడే వదిలేసి ఇంటికొచ్చింది. ఆ రాత్రి వండలేదని బావ చెప్పాడు. కొన్నాళ్లకి నేను అడ్మిన్ పని వదిలేశాను. వేరే ఎవరో చూస్తున్నారు.

చలికాలంలో విజయనగరం ఆయన ఖరగ్‌పూర్ వచ్చాడు. చంక కర్రల మీద, వాళ్లావిడని వెంటబెట్టుకుని. అప్పని చూడాలని అంతదూరం నుంచి వచ్చాడు. బావ స్టేషన్‌కి వెళ్లి తీసుకొచ్చాడు. నేను టీ పెట్టి ఇచ్చి అక్కడే కూర్చున్నాను.

ఆయన మెల్లగా మొదలుపెట్టాడు. నీళ్లు తాగడం, అప్ప ఖరగ్‌పూర్‌లో ఉందని చెప్పడం. తర్వాత నేను వినని మాటలు వచ్చాయి.

"నొప్పి నేదన్నాడమ్మా. నా కాలు సూసి, భయపడకు అన్నా అని నాకే ధైర్యం సెప్పినాడు. నవ్వినాడు కూడా. మా అప్ప సేతి వంట తిని బయల్దేరినాను అన్నాడు."

వాళ్లావిడ కళ్లు తుడుచుకుంది. వాళ్లింట్లో ఆయన ఈ మాటలు ఎన్నిసార్లు చెప్పాడో, చెప్పిన ప్రతిసారీ ఏది చేరిందో నాకు తెలియదు. ఆయన కావాలని కల్పిస్తున్నట్టు లేదు. ఆయన కళ్లలోనూ నీళ్లున్నాయి. నిజంగా అలాగే జరిగిందని ఆయనకి ఇప్పుడు నమ్మకం కుదిరిందేమో. ఆ వారం అప్ప పొయ్యి ముట్టుకోలేదని, వండినవాడు తమ్ముడేనని మాలో ఎవరూ అనలేదు.

సాయంత్రం బండికి వాళ్లు వెళ్లిపోయారు. అప్ప గ్లాసులు కడగడానికి లేవబోయి మళ్లీ కూర్చుంది.

"సెల్లీ. ఆయన సెప్పిందాన్లో నిజమెంత?"

"ఎందుకప్పా ఇప్పుడు?"

"నువ్వు అబద్ధం సెప్పవు. అందుకే అడుగుతన్నాను."

నాకు వేరే దారి కనపడలేదు. "నీళ్లు తాగినాడు. నువ్విక్కడున్నావని సెప్పినాడు. ఆ రెండు మాటలూ ఆ ఒడియా ఆవిడా సెప్పింది, ఈయనా సెప్పినాడు. ఆవిడ అప్పుడే, అక్కడే సెప్పింది."

"నొప్పి నేదన్నది?"

"అది ఈయనొక్కడే సెప్పినాడు. మొదట ఫోన్లో నేను అడిగినప్పుడు సెప్పనేదు."

"సెప్పనేదా."

"నేదప్పా."

బయట ఎవరో సైకిల్ గంట కొట్టుకుంటూ పోయారు.

"అయితే నొప్పి ఉండే ఉంటాది," అంది.

నేను లేచి ఆ గ్లాసులు తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్లాను.